అమ్మ ఏం పని చేస్తుంది? ‘మల్లేశం’, ఇంకొన్ని సినిమాలు

తెలుగు సినిమాలో పేద తల్లి అనగానే కుట్టు మిషన్. మొగుడు పోయినట్టు ఒక షాట్, మిషన్ తొక్కుతున్నట్టు ఇంకో షాట్, మధ్యలో ఒక పాట. పాట అయ్యేసరికి కొడుకు కాలేజీలో ఉంటాడు. ఆ నాలుగు నిమిషాల్లో పదిహేనేళ్లు గడిచిపోతాయి గానీ, జాకెట్టుకు ఎంత తీసుకుంది, నెలకు ఎన్ని కుట్టింది, అద్దె పోగా ఎంత మిగిలింది అన్నది ఎవరూ చెప్పరు. అందుకే ఇక్కడ సినిమాలకు పెట్టిన పరీక్ష ఒక్కటే: ఆ తల్లి చేసే పని తెర మీద కనిపించిందా? ఏ పని, ఎన్ని గంటలు, ఎంత కూలి, ఒంట్లో ఎక్కడ నొప్పి, పని చెడితే నష్టం ఎవరిది. కన్నీళ్లకు మార్కులు లేవు.

ఆ కుట్టు మిషన్ సంగతే ముందు చూద్దాం. లైనింగ్ జాకెట్టు కుట్టడంలో మిషన్ మీద కూర్చునేది సగం పనే. లైనింగ్ బట్టను ముందే తడిపి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి జాకెట్టు బిగుసుకుంటుంది. కొలత జాకెట్టు పెట్టి గీసుకోవాలి, కత్తిరించాలి, డాట్లు పట్టాలి, చేతులు ఎక్కించాలి. ఆ తర్వాత హుక్కులు, కాజాలు, అంచు హెమ్మింగ్ అన్నీ చేత్తోనే. చంక దగ్గర పట్టేస్తోందని వెనక్కొస్తే కుట్లు విప్పి మళ్లీ కుట్టాలి. దానికి వేరే డబ్బులుండవు. పెళ్లిళ్ల నెలల్లో తెల్లవార్లూ పనే, మూఢం వచ్చిందంటే మిషన్ మీద గుడ్డ కప్పేయడమే. అన్నిటికంటే పెద్ద బాధ, “రేపిస్తాలే వదినా” అని పట్టుకెళ్లిన వాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేసుకోవడం. మన సినిమా తల్లి మాత్రం ఏడాది పొడవునా, అర్ధరాత్రి, ఒక తెల్లగుడ్డ మీద నేరుగా కుట్టు వేస్తూనే ఉంటుంది. ఏం కుడుతోందో తీసినవాళ్లకైనా తెలుసో లేదో.

‘మాతృదేవోభవ’ (1993) చూసి ఏడవని ఇల్లు లేదు. “రాలిపోయే పువ్వా” పాటకు వేటూరికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమాలో తల్లికి వచ్చిన జబ్బేమిటో, పిల్లల్ని ఎవరెవరికి పెంపకానికి ఇచ్చిందో ఎవర్ని అడిగినా చెబుతారు. ఏ పని చేసి వాళ్లకు అన్నం పెట్టిందో అడగండి, తడుముకుంటారు. అది ప్రేక్షకుల మతిమరుపు కాదు, సినిమా చూపు అటు లేదు. దానికంటే ముప్పై ఆరేళ్ల ముందు వచ్చిన ‘మదర్ ఇండియా’ (1957) ఈ విషయంలో నయం. నర్గిస్ కాడి భుజాన వేసుకుని పొలం దున్నే దృశ్యం పోస్టర్లకెక్కింది గానీ, అసలు లెక్క అంతకు ముందే ఉంది. అత్తగారు షావుకారు దగ్గర తెచ్చిన అప్పు అయిదు వందలు, దాని వడ్డీ కింద పంటలో మూడొంతులు షావుకారుకు, ఒక వంతు ఇంటికి. ఆ ఒక్క షరతు చెప్పాక, కథలో ఆ తల్లికి ఏం జరిగినా ఎందుకు జరుగుతోందో మనకు అర్థమవుతూనే ఉంటుంది. అప్పు ఎంతో చెప్పకుండా పేదరికం చూపించడం కుదరదు.

ఇక అసలు సినిమా. ‘మల్లేశం’ 2019 జూన్‌లో వచ్చింది. దర్శకుడు రాజ్ రాచకొండ, మాటలు పెద్దింటి అశోక్ కుమార్, మల్లేశంగా ప్రియదర్శి, అతని తల్లి లక్ష్మిగా ఝాన్సీ. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి భుజం నొప్పి చూడలేక, నేతకు ముందు దారాన్ని చీలలకు చుట్టి పెట్టే ఆసు యంత్రం కనిపెట్టడం, దానికి 2017లో పద్మశ్రీ రావడం అందరికీ తెలిసిన విషయమే. సినిమాను కొడుకు విజయగాథగానే అమ్మారు. మన పరీక్షకు కావలసింది మాత్రం ఇందులో తల్లి చేసే పని.

ఆసు పోయడం ఎలా ఉంటుందో తెలిస్తే ఝాన్సీ చేసిన పని విలువ తెలుస్తుంది. పోచంపల్లి చీరలో పేక (అడ్డంగా నేసే దారం) మీద డిజైన్ రావాలంటే, నేయకముందే ఆ దారానికి రంగులు ఎక్కాలి. దానికి దారాన్ని ముందు లెక్క ప్రకారం పరుచుకోవాలి. ఆసు చట్రానికి ఒక చివర ఒంటి చీల, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా చీలలు ఉంటాయి. రెంటి మధ్య దూరం దాదాపు చీర పన్నా (వెడల్పు) అంత, అంటే ఇంచుమించు ఒక మీటరు. దారాన్ని ఒంటి చీల దగ్గర నుంచి ఎదుటి చీలకు తీసుకెళ్లి, చుట్టి, వెనక్కి తేవాలి. ఒక చీలకు పడాల్సిన చుట్లు పడ్డాక పక్క చీలకు జరగాలి. అలా ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ కదలాలి, చీరకు నాలుగైదు గంటలు పడుతుంది. లెక్క వేసుకోండి: గంటకు రెండు వేలు, అంటే రెండు సెకన్లకు ఒక విసురు. మీటరు చొప్పున వేసుకున్నా చెయ్యి తొమ్మిది కిలోమీటర్లు తిరిగినట్టు. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేల విసుర్లు. కళ్లు దారం మీద, నోట్లో లెక్క, భుజం మాత్రం ఆగేది లేదు.

ఇందులో ఏం తప్పినా ఆ తప్పు అప్పటికప్పుడు బయటపడదు. ఒక చీలకు చుట్టు తక్కువ పడితే ఆసు మీద ఏమీ తెలియదు. తర్వాత దారం మీద డిజైన్ గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట్ల రబ్బరు పీలికలతో చిటికి కట్టి, రంగు ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగు ముంచి, కండెలకు ఎక్కించి, మగ్గం మీద నేస్తుంటే అప్పుడు కనిపిస్తుంది, పువ్వు రేకు ఒక పక్కకు జరిగిందని. దారం వదులుగా పోస్తే గుర్తులు జారి అంచులు మసకబారతాయి. చీర సరిగ్గా రాకపోతే కోత పడేది నేసినవాడి మజూరిలో. సొంత మగ్గానికి ఆసు పోసిన మనిషికి విడిగా మజూరే లేదు, ఆమె పని ఇంటాయన మజూరిలో కలిసిపోయి ఉంటుంది. నూలు ఇచ్చేది, చీర తీసుకునేది, డబ్బు ఇచ్చేది అంతా మాస్టర్ వీవర్‌కూ మగవాడికీ మధ్య జరుగుతుంది.

ఈ సినిమా బలం ఇక్కడే ఉంది. ఆసు పనిని ఒక పాటలో తేల్చేయకుండా మళ్లీ మళ్లీ చూపిస్తారు. యాంకర్‌గా, నవ్వించే పాత్రల్లో ఎక్కువగా చూసిన ఝాన్సీ ఇందులో భుజంతో నటించింది. చెయ్యి ఎత్తేటప్పుడు ముందు మెడ బిగుసుకోవడం, దించాక ఒక్క క్షణం ఆగడం, మాట్లాడుతూనే రెండో చేత్తో భుజం నొక్కుకోవడం. నొప్పి అని అరవనక్కర్లేదు. ఆసు ఇంట్లో ఆడవాళ్ల పనిగా చెల్లిపోయింది కాబట్టి దాని మీద ఎవరి దృష్టీ పడలేదన్న సంగతి కూడా ఊళ్లోవాళ్ల మాటల్లోనే వచ్చేస్తుంది, ఉపన్యాసం అక్కర్లేకుండా. పెద్దింటి అశోక్ కుమార్ రాసిన తెలంగాణ మాట హాస్యం కోసం పెట్టింది కాదు, ఇంట్లో మాట్లాడుకునే మాట. తల్లీకొడుకులు ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నా అందులో ప్రేమ వినిపిస్తుంది.

యంత్రం కథ కూడా బాగానే నడిచింది. దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లడం ఒక కదలిక, చీల చుట్టూ తిప్పడం ఇంకొకటి, లెక్క పూర్తి కాగానే పక్క చీలకు జరగడం మూడోది. మనిషి చెయ్యి ఈ మూడూ ఆలోచించకుండా చేసేస్తుంది, యంత్రానికి మాత్రం ఒక్కోటీ విడిగా నేర్పాలి. అసలు మల్లేశానికి 1992లో మొదలుపెట్టిన పని 1999కి గానీ పూర్తి కాలేదు. కొయ్యముక్కలు, చక్రాలు, మోటారు, అప్పులు, ఊరి ఎగతాళి, చివరికి హైదరాబాద్‌లో పని వెతుక్కోవడం, అన్నీ వరసగా వస్తాయి. తల్లి పేరే పెట్టిన లక్ష్మి ఆసు యంత్రం నాలుగైదు గంటల పనిని గంటన్నరకు తెచ్చింది. అందుకే సినిమాలో యంత్రం తిరగడం మొదలయ్యే ఘట్టం నిజంగానే ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే ఆ చెయ్యి ఎన్నిసార్లు తిరిగిందో అప్పటికే మన కళ్లు లెక్కపెట్టాయి.

లోపాలు లేవని కాదు. రెండో సగం వచ్చేసరికి కథ పూర్తిగా కొడుకు చేతిలోకి వెళ్లిపోయింది, తల్లి ఒక కారణంగా మిగిలిపోయింది. ఆసు పోస్తూనే ఆమె అన్నం ఎప్పుడు వండింది, నీళ్లు ఎప్పుడు తెచ్చింది, పిల్లాడికి జ్వరమొస్తే ఆ రోజు చీర ఏమైంది, ఇవి తెర మీద కనిపించవు. తొమ్మిది వేల విసుర్లు చూపించిన సినిమా, వాటి చుట్టూ ఉన్న మిగతా రోజును చూపించలేదు. మజూరి లెక్క కూడా సగమే చెప్పారు. అప్పుల మాట బాగా వినిపిస్తుంది గానీ, ఒక చీర అమ్మితే నూలుకు, రంగుకు ఎంత పోయి ఇంటికి ఎంత మిగిలేదో తెలియదు. ఇంకో చిక్కు ప్రశ్న కూడా ఉంది. వేరేవాళ్ల చీరలకు కూలికి ఆసు పోసి నాలుగు రాళ్లు సంపాదించుకునే ఆడవాళ్లకు, యంత్రం వచ్చాక ఏమైంది? సినిమా అటు చూడలేదు. 2019-20 చేనేత గణనలో నేసేవాళ్లలో నూటికి డెబ్భైకి పైగా ఆడవాళ్లేనని, మూడింట రెండొంతుల చేనేత కుటుంబాల ఆదాయం నెలకు అయిదు వేల లోపేనని తేలింది. ఆ ఆడవాళ్లలో ఒక్కరి గురించి, కొడుకు పద్మశ్రీ తెచ్చుకోకపోయినా సరే, సినిమా రావాల్సే ఉంది.

‘నీల్ బట్టే సన్నాటా’ (2016) తల్లినే ముందు పెట్టింది. ఆగ్రాలో ఇళ్లలో పని చేసే చందా (స్వర భాస్కర్), లెక్కల్లో తప్పే కూతుర్ని దారికి తేవడానికి తానే పదో తరగతిలో చేరుతుంది. దర్శకురాలు అశ్వినీ అయ్యర్ తివారీ. అదే ఏడాది ఆమే తమిళంలో అమలా పాల్‌తో ‘అమ్మా కణక్కు’గా తీశారు, మరుసటేడు మలయాళంలో మంజు వారియర్‌తో ‘ఉదాహరణం సుజాత’ వచ్చింది. హిందీదే మెరుగు. తల్లి కడుపు కట్టుకుని దాచిన డబ్బు కూతురు స్నేహితులతో తగలేసే ఘట్టం ఒక్కటి చాలు. చందా కోపంలో ప్రేమ లేదు, త్యాగం లేదు, పని చేసి చేసి అలిసిపోయిన మనిషికి వచ్చే కోపం అది. పేద తల్లికి కోపం రావచ్చని మన సినిమాలు ఒప్పుకోవడం అరుదు. పనిమనిషి కూతురు పనిమనిషే అవుతుందని కూతురే ముఖం మీద అనేయడం కూడా అంతే నిజంగా ఉంది.

కానీ పని లెక్క దగ్గర ఈ సినిమా జారిపోయింది. నాలుగిళ్లలో అంట్లు, ఇల్లు తుడవడం, బట్టలు చేసే మనిషి పగలు బడికి వెళితే ఎన్ని ఇళ్లు వదులుకోవాలి? ఒక ఇల్లు వదిలితే ఆ జీతం పోవడమే కాదు, అక్కడి టిఫిను, పండగ చీర, అవసరానికి దొరికే అడ్వాన్సు కూడా పోతాయి. మానేసిన ఇంట్లోకి రెండు రోజుల్లో ఇంకో మనిషి వచ్చేస్తుంది. చందాకు ఒక మంచి డాక్టరమ్మ దొరికింది కాబట్టి బండి నడిచిపోయింది. రత్నా పాఠక్ షా చక్కగా చేశారు, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ డాక్టరమ్మను తీసేస్తే కథ పదో నిమిషంలోనే ఆగిపోతుంది. పంకజ్ త్రిపాఠీ హెడ్మాస్టర్ మాత్రం మన ఊళ్లలో ఎక్కడైనా కనిపించే మనిషే.

బ్రెజిల్ సినిమా ‘ది సెకండ్ మదర్’ (2015) మన తెలుగువాళ్లు, ముఖ్యంగా కడప, గోదావరి జిల్లాల నుంచి అమ్మో, అక్కో కువైట్‌లో ఖద్దామాగా (ఇంటి పనిమనిషిగా) ఉన్నవాళ్లు, తప్పక చూడాలి. వాల్ అనే ఆవిడ సావో పాలోలో ఒక ఇంట్లోనే ఉండి పనిచేస్తూ, ఆ ఇంటి పిల్లాణ్ని తన బిడ్డలా పెంచింది. ఆమె సొంత కూతురు జెసికా దూరాన వేరేవాళ్ల చేతుల్లో పెరిగి, ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష రాయడానికి తల్లి దగ్గరికి వస్తుంది. రెజీనా కజే నటన గురించి ఎంత చెప్పినా తక్కువే. దర్శకురాలు ఆనా ముయిలార్చ్ ఇంటి గోడల మధ్య గీతలు వస్తువులతో చూపించారు. ఫ్రిజ్‌లో ఆ ఇంటి అబ్బాయి ఐస్‌క్రీమ్ వేరు, మిగతావాళ్లది వేరు. పుట్టినరోజుకు వాల్ కొని ఇచ్చిన కాఫీ కప్పుల సెట్‌ను యజమానురాలు “ఇంకో మంచి రోజు వాడదాం” అని పక్కన పెట్టించేస్తుంది. జెసికా ఈతకొలనులో దిగిందని, ఎలుక కనిపించిందనే సాకుతో నీళ్లు తోడించేస్తారు. ఎవరూ ఎవర్నీ కొట్టరు, తిట్టరు. బ్రెజిల్‌లో ఇంటిపనివాళ్లకు మిగతా కార్మికులతో సమాన హక్కులిస్తూ 2013లో రాజ్యాంగ సవరణ, 2015లో దాన్ని అమలు చేసే చట్టం వచ్చాయి. ఈ సినిమా ఆ వాదోపవాదాల వేడి చల్లారకముందే విడుదలైంది. వేరేవాళ్ల పిల్లల్ని పెంచి పంపిన డబ్బుతో సొంత పిల్లలు పెరగడం అన్న లెక్కను ఇంత సూటిగా చెప్పిన సినిమా మన దగ్గర రాలేదు.

కెన్ లోచ్ ‘ఐ, డేనియల్ బ్లేక్’ (2016)లో తల్లి కేటీ కథానాయకి కాదు, రెండో పాత్ర. అయినా ఆమె దృశ్యాలే గుర్తుంటాయి. లండన్ నుంచి న్యూకాజిల్‌కు పంపేస్తే, కొత్త ఊళ్లో బస్సు తెలియక ఆఫీసుకు కాస్త ఆలస్యమైంది. దానికే ప్రభుత్వ సాయం ఆపేశారు. ఉచిత సరుకుల కేంద్రంలో నిలబడి, పిల్లల కోసం తాను తినకుండా ఉన్న ఆకలికి తట్టుకోలేక అక్కడే డబ్బా తెరిచి చేత్తో తినేస్తుంది. ఇది బ్రిటన్ వ్యవస్థ గురించిన సినిమా, కాబట్టి మన రేషన్ షాపుకు అచ్చంగా సరిపోదు. కానీ అంట్లు తోమీ సున్నం మోసీ వేలిముద్రలు అరిగి, ఈపాస్ మిషన్ ముందు మళ్లీ మళ్లీ వేలు పెట్టి చూసే మన ఆడవాళ్లను తెలిసినవాళ్లకు ఆ ఆఫీసు కౌంటర్ కొత్తగా ఉండదు.

ఇన్ని చూశాక కూడా మన సినిమా ముట్టుకోని పనులు బోలెడు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే తల్లులనే తీసుకోండి. తునికాకు తడిపి, కొలతకు కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, దారం కట్టి, కొస మడవాలి. ఇరవై అయిదుకు ఒక కట్ట. కూలి వెయ్యి బీడీలకు లెక్క. ఆకు నాసిరకంగా వస్తే ఎక్కువ వృథా అవుతుంది, తీసుకున్న ఆకుకు బీడీలు తగ్గితే నష్టం చుట్టినదానిదే. సరిగ్గా లేవని పక్కన పెట్టినవాటికి కూలి ఉండదు. చేట ఒళ్లో పెట్టుకుని, పిల్లాడికి ఎక్కాలు చెబుతూనే వేళ్లు ఆగకుండా చుట్టే ఆ మనిషి మీద కెమెరా పెడితే, కుట్టు మిషన్ షాట్ అవసరం ఉండదు.

ఎవరికి ఏది అంటే, తెలుగులో ఒక్కటే చూడగలిగితే ‘మల్లేశం’. మొదటి సగం ఫోన్ పక్కన పెట్టి చూడండి, ఆసు దృశ్యాలు వచ్చినప్పుడు ముందుకు జరపొద్దు. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో అందరూ కలిసి చూడ్డానికి ‘నీల్ బట్టే సన్నాటా’ సరిపోతుంది, హిందీ రాకపోయినా సబ్‌టైటిళ్లతో అర్థమయ్యే సినిమానే. ‘ది సెకండ్ మదర్’ నెమ్మదిగా నడుస్తుంది, మొదటి అరగంటలో ఏమీ జరగనట్టే ఉంటుంది, జెసికా విమానం దిగేదాకా ఓపిక పట్టాలి. ‘ఐ, డేనియల్ బ్లేక్’ చిన్నపిల్లలతో కలిసి చూసేది కాదు. భాష మొరటుగా ఉంటుంది, కేటీ కథ సగం తర్వాత పిల్లలకు వివరించి చెప్పలేని చోట్లకు వెళుతుంది. ‘మదర్ ఇండియా’ దాదాపు మూడు గంటలు, రెండు రాత్రులుగా చూసినా తప్పులేదు.